కళాయి పోయిన రాగిపాత్ర: మధుమేహం, లోహాలు, మన కంటిచూపు

మామిడి కోతలు మొదలైతే తిరువూరులో మనిషికి తన ఒంటి సంగతి గుర్తుండదు. వేకువజామున తోటకు, మధ్యాహ్నం కాయలు ఏరే షెడ్డుకు, రాత్రి లారీ నింపే చోటుకు వెళ్ళడంతోనే రోజు గడిచిపోతుంది. పూత మీదనే తోటలను గుత్తకు పట్టే కుటుంబాలు మా బంధువర్గంలో ఉన్నాయి. అటువంటి ఒక ఇంటికి పెద్ద అయిన మా మేనమామ గారు ఒక ఏడాది కోతల కాలంలో ఫజ్ర్ నమాజు ముగించుకొని వచ్చి, వాకిట కూర్చొని, కుడికంటి ఎదుట ఎవరో నల్లదారం ఉండను విప్పి జారవిడిచినట్లున్నదని చెప్పారు. నొప్పి లేదు. ఎరుపు లేదు. నీరు కారడం లేదు. సాయంత్రానికి ఆ దారం మసిగుడ్డలా కంటిని కమ్మివేసింది.

ఆయనకు మధుమేహం వచ్చి అప్పటికి 14 సంవత్సరాలు. ఈ 14 సంవత్సరాలలో ఒక్కసారి కూడా కంటిలో చుక్కలు వేయించుకొని లోపలి పొరను పరీక్ష చేయించుకోలేదు. ఎందుకని అడిగితే, "చూపు బాగానే ఉంది కదా! ఖుర్ఆన్ చదువుకుంటున్నాను, తక్కెడ ముల్లు చూస్తున్నాను, ఇంకేమి కావాలి?" అన్నారు. అలాగని ఆయన కంటిని అశ్రద్ధ చేశారని కూడా అనలేము. తలాపున ఉన్న గూటిలో రాత్రి నీళ్ళు నింపి ఉంచే రాగిచెంబు ఉన్నది. ప్రతి శుక్రవారం పెట్టుకొనే సుర్మా ఉన్నది. ఎవరో సలహా ఇవ్వగా కొన్న జింకు బిళ్ళల డబ్బా ఉన్నది. "చక్కెరను వేళ్ళతో సహా పెరికివేస్తుంది" అని ఒక మందుల అమ్మకందారు అంటగట్టిన బూడిదరంగు పొడి పొట్లం ఉన్నది. ఆ గూటిని చూచినప్పుడు మాకు ఒక విషయం తట్టింది. అందులో ఉన్నవన్నీ లోహాలే. రాగి, సీసం, జింకు, ఇక ఆ పొడిలో ఏముందో అల్లాహ్‌కే ఎరుక.

మధుమేహం కంటిని చెరచే విధానంలో లోహాల పాత్ర నిజంగానే ఉన్నదని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. అయితే అది ఆ గూట్లోని లోహాలు చేసే పని కాదు. మన రక్తంలో, మన కణాలలో పుట్టుకతో ఉన్న లోహాలు చేసే పని. ఈ తేడా తెలియకపోవడం వల్ల ఎన్నో ఇళ్ళలో చూపు పోతున్నది. అందుకే ఈ వ్యాసం కొంత విపులంగా వ్రాస్తున్నాము.

చింతపండు, ఇనుము, ఒక పాత ప్రయోగం

మా తరం వారికి కళాయి సాయిబు గుర్తుండే ఉంటాడు. వీధి మలుపులో చిన్న కొలిమి పెట్టి, తిత్తి ఊది, తోమిన రాగి గిన్నెను ఎర్రగా కాల్చి, నవాసారం చల్లి, తగరం ముక్కను రాసి, దూది ఉండతో లోపలంతా వెండిలా మెరిసేటట్లు పూసేవాడు. కళాయి ఉన్నంతకాలం ఆ గిన్నెలో పులుసు కాచినా, మజ్జిగ పోసినా భయం లేదు. కళాయి లేచిపోయిన గిన్నెలో పులుసు ఉంచితే మాత్రం తెల్లవారేసరికి పచ్చని కిలుము పట్టి, తిన్నవారికి వాంతులయ్యేవి. గిన్నె అదే, రాగి అదే. మారినదల్లా పైపూత ఒక్కటే.

మన శరీరంలో లోహాల పరిస్థితి కూడా అచ్చంగా ఇటువంటిదే. ఎదిగిన మనిషి ఒంట్లో 3 నుండి 4 గ్రాముల ఇనుము, సుమారు 2 గ్రాముల జింకు, 0.1 గ్రాము రాగి ఉంటాయి. ఇవి లేనిదే ఊపిరి సాగదు, గాయం మానదు, చీకటిలో కన్ను కనిపించదు. అయితే ఇవి ఏ క్షణంలోనూ విడిగా తిరగవు. ప్రతి లోహానికీ ఒక మాంసకృత్తు కళాయి వలె పూత పూసి ఉంటుంది. ఇనుమును ట్రాన్స్‌ఫెరిన్ మోస్తుంది, ఫెర్రిటిన్ గిడ్డంగిలో దాచుతుంది. రక్తంలోని రాగిలో అత్యధిక భాగం సెరులోప్లాస్మిన్ అనే మాంసకృత్తులో బందీగా ఉంటుంది. కణాల లోపల జింకును, రాగిని మెటలోథయోనిన్ పట్టుకొని ఉంటుంది.

ఈ పూత తొలగిన ఇనుము ఏమి చేయగలదో 1894లో కేంబ్రిడ్జిలో హెన్రీ ఫెంటన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు చూపించాడు. ఆయన తీసుకున్నది టార్టారిక్ ఆమ్లం, అంటే మన చింతపండుకు పులుపునిచ్చే పదార్థమే. దానికి హైడ్రోజన్ పెరాక్సైడు ఒక్కటే కలిపితే చెప్పుకోదగినదేమీ జరగలేదు. చిటికెడు ఇనుప లవణం చేర్చగానే ఆ ఆమ్లం వేగంగా ఆక్సీకరణం చెందింది. ఇనుము సమక్షంలో పెరాక్సైడు చీలి, హైడ్రాక్సిల్ అనే అతి తీవ్రమైన కణాన్ని పుట్టిస్తుందని తరువాతి తరాల వారు వివరించారు. ఎదురుపడిన కొవ్వును, మాంసకృత్తును, జన్యుపదార్థాన్ని దేనినైనా క్షణంలో వెయ్యోవంతుకంటే ఎంతో తక్కువ వ్యవధిలో కాల్చివేయగల కణమది. విడిపడిన రాగి కూడా ఇదే పని చేయగలదు. ఇటువంటి కణాలు ఒంటికున్న రక్షణశక్తిని మించి పుట్టుకొచ్చే స్థితినే ఆక్సీకరణ ఒత్తిడి అంటున్నారు.

మరి మధుమేహానికీ దీనికీ సంబంధమేమిటి? రక్తంలో చక్కెర అధికమైనప్పుడు ఒకేసారి రెండు కీడులు జరుగుతాయి. మొదటిది, కణంలోని శక్తి కొలిములైన మైటోకాండ్రియాలకు మోయలేనంత ఇంధనం చేరి, అవి సూపరాక్సైడు అనే నిప్పురవ్వలను అధికంగా వెదజల్లుతాయి. మధుమేహం తెచ్చిపెట్టే అనేక చిక్కులకు ఇదే మూలమని న్యూయార్కుకు చెందిన మైకేల్ బ్రౌన్‌లీ 2001లో ప్రతిపాదించారు. ఆ సూపరాక్సైడు పెరాక్సైడుగా మారుతుంది. రెండవది, చక్కెర నేరుగా మాంసకృత్తులకు అంటుకుంటుంది. మూడు నెలల సగటు చక్కెరను తెలిపే హెచ్‌బిఎ1సి పరీక్షలో కొలిచేది హిమోగ్లోబినుకు ఇలా అంటుకున్న చక్కెరనే. హిమోగ్లోబినుకు అంటుకున్నది మిగతావాటిని వదిలిపెడుతుందా? సెరులోప్లాస్మిన్‌కు చక్కెర అంటుకున్నప్పుడు అది ముక్కలై, తాను బంధించి ఉంచిన రాగిని వదిలివేయడం ప్రయోగశాలలో గమనించారు. చక్కెర పట్టి ముదిరిన మాంసకృత్తులు లోహపు రేణువులను తమకు అంటించుకొని, అక్కడే కాల్పు సాగనిస్తాయి కూడా. అంటే చక్కెర ఒక చేత్తో నిప్పు రాజేస్తూ, మరో చేత్తో కళాయి గీకివేస్తున్నదన్నమాట.

ఇంత కీడు శరీరమంతటా జరుగుతున్నప్పుడు కన్నే ఎందుకు ముందుగా దెబ్బతినాలి? కంటి వెనుక పొర అయిన రెటీనా మన ఒంట్లో ఆక్సిజనును అత్యధికంగా వాడుకొనే కణజాలాలలో ఒకటి. పగలంతా దానిపై వెలుతురు పడుతూనే ఉంటుంది. దాని కణాల పొరలలో ఇట్టే ఆక్సీకరణం చెందే కొవ్వులు మెండుగా ఉన్నాయి. ఇనుము, రాగి, జింకు అన్నీ అక్కడ ఉన్నాయి. జింకైతే శరీరంలో మరెక్కడా అరుదుగా కనిపించేంత సాంద్రతలో ఉన్నది. గడ్డివాము పక్కనే కొలిమి ఉన్నట్లు అనుకోండి.

ఇక్కడ లోహాలను దోషులుగా నిలబెట్టి ఊరుకుంటే సత్యానికి అన్యాయం చేసినవారమవుతాము. దొంగా లోహమే, కావలివాడూ లోహమే. సూపరాక్సైడును శాంతపరచే ఎంజైమును 1969లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో మెక్‌కార్డ్, ఫ్రిడోవిచ్ కనుగొన్నారు. అది పనిచేసేది తనలోని రాగి, జింకులతోనే. మైటోకాండ్రియాలో అదే పనిని మాంగనీసు గల ఎంజైము చేస్తుంది. పెరాక్సైడును నీరుగా మార్చే ఎంజైములలో ఒకటి సెలీనియంతో, మరొకటి ఇనుముతో నడుస్తాయి. ఇన్సులిన్ సైతం క్లోమంలో జింకు రేణువుల చుట్టూ ఆరేసి అణువుల కట్టగా నిలువ ఉంటుంది. ఇన్సులిన్ స్ఫటికాలలో జింకు ఉన్నదని 1934 నుండే తెలుసు. మధుమేహం అదుపు తప్పినవారు మూత్రంలో జింకును అధికంగా పోగొట్టుకుంటారు. కనుక సమస్య లోహం ఉండడమూ కాదు, లేకపోవడమూ కాదు. ఉండవలసిన చోట, ఉండవలసిన పూతతో లేకపోవడం.

ఆ నల్లదారం ఎక్కడి నుండి వచ్చింది?

రెటీనాలోని సన్నని రక్తనాళాల గోడలను పట్టి నిలిపే కణాలు ఈ ఒత్తిడికి మొదట బలి అవుతాయి. ఆసరా పోయిన చోట నాళం చిన్న బుడిపెలా ఉబ్బుతుంది. దాని నుండి నీరు, కొవ్వు ఊరుతాయి. మరికొన్ని నాళాలు పూడుకుపోతాయి. రక్తం అందని రెటీనా అలమటించి, కొత్త నాళాలు మొలిపించే సంకేతాలు పంపుతుంది. అలా మొలిచిన నాళాలు కంటిలోని జిగురు పదార్థంలోకి పాకుతాయి. అవి పచ్చి తీగల వలె పెళుసుగా ఉంటాయి. దగ్గినా, బరువెత్తినా, ఒక్కొక్కసారి ఏ కారణమూ లేకుండానూ చిట్లుతాయి. మా మేనమామ గారి కంటి ఎదుట జారిన నల్లదారం అటువంటి నాళం చిట్లి కారిన రక్తమే. ఇదంతా సంవత్సరాల తరబడి జరిగినా చూపు మాత్రం చివరివరకూ చెక్కుచెదరకపోవచ్చు. మన ప్రజలను మోసగిస్తున్నది ఈ ఒక్క విషయమే.

కంటిలో కారిన రక్తం అక్కడితో ఊరుకోదు. రక్తమంటేనే ఇనుము. ఎర్రకణాలు శిథిలమయ్యేకొద్దీ వాటిలోని ఇనుము కంటి లోపల విడుదలవుతుంది. చెన్నైలోని శంకర నేత్రాలయ పరిశోధకులు శస్త్రచికిత్సలో తొలగించిన కంటి జిగురును పరీక్షించి 2004లో తమ ఫలితాలను ప్రచురించారు. రెటీనా మధ్యలో రంధ్రం పడిన రోగుల కళ్ళతో పోల్చినప్పుడు, ముదిరిన మధుమేహ నేత్రవ్యాధి గల కళ్ళలో ఇనుము ఎక్కువగా, జింకు తక్కువగా కనిపించాయి. నిప్పు రాజేసేది పెరిగింది, కాపలా కాసేది తగ్గింది. ఇనుము పెరగడం వ్యాధికి కారణమా, లేక రక్తం కారినందువల్ల మిగిలిన ఫలితమా అని పాఠకులు అడుగవచ్చు. అది న్యాయమైన ప్రశ్న. మాకు తోచినంతవరకు రెండూ కలిసి ఒక విషవలయం అవుతున్నాయి. కంటిలో ఇనుము ఎంత హాని చేయగలదో వెల్డింగు, గ్రైండింగు షాపులలో పనిచేసేవారిని చికిత్స చేసిన వైద్యులకు బాగా తెలుసు. ఎగిరిపడిన ఇనుప రవ్వ ఒకటి కంటిలో చిక్కుకొని ఉండిపోతే, అది నెమ్మదిగా కరిగి, నెలలలోనో సంవత్సరాలలోనో రెటీనాను పాడుచేస్తుంది.

శుక్లం విషయంలో మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చేసిన కృషిని చెప్పుకోవాలి. భానుప్రకాశ్ రెడ్డి గారి బృందం మధుమేహం కలిగించిన ఎలుకలకు పసుపును, పసుపులోని కర్క్యుమిన్‌ను మేతలో కలిపి పెట్టింది. 2005లో ప్రచురితమైన ఆ ఫలితాల ప్రకారం ఎలుకల రక్తంలో చక్కెర తగ్గలేదు గాని, కంటి కటకం మసకబారడం ఆలస్యమయింది. ఆక్సీకరణ ఒత్తిడి తగ్గడమే దానికి కారణంగా కనిపించింది. ఇది విని పసుపు గుళికలు కొనడానికి పరుగెత్తవద్దు. అదే బృందం అంతకుముందు చేసిన మరో ప్రయోగంలో తక్కువ మోతాదు మేలు చేయగా, ఎక్కువ మోతాదు కర్క్యుమిన్ ఇచ్చిన ఎలుకలలో శుక్లం త్వరగా ముదిరింది. కూరలో వేసే పసుపు కూరలో ఉంటే చాలు. పైగా ఎలుక ఎలుకే, మనిషి మనిషే.

ఆ గూటిలోని వస్తువులు

ఇప్పుడు మా మేనమామ గారి గూటిని ఒక్కొక్కటిగా పరిశీలిద్దాము.

రాగిచెంబు గురించి పెద్దగా చెప్పవలసినది లేదు. రాత్రంతా రాగిపాత్రలో ఉంచిన మంచినీటిలో కొన్ని రకాల క్రిములు చనిపోతాయన్నది నిజమే. తాగునీటిలో లీటరుకు 2 మిల్లీగ్రాముల వరకు రాగి ఉండవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటున్నది. మామూలు నీరు పోసి, పాత్రను శుభ్రంగా తోముకుంటే భయపడనక్కరలేదు. అయితే ఆ నీరు చక్కెరను తగ్గిస్తుందనీ, కంటిని కాపాడుతుందనీ అనుకోవడానికి ఆధారం లేదు. నిమ్మరసం, మజ్జిగ మాత్రం కళాయి లేని పాత్రలో పోయరాదు. ఈ మాట కళాయి సాయిబు మనకు ఎన్నడో చెప్పాడు.

సుర్మా విషయం వేరు. దీనిని గురించి మన ఇళ్ళలో మాట్లాడడానికి సంకోచిస్తారు. ఎందుకంటే దైవప్రవక్త (స) వారు ఇథ్మిద్‌ను మెచ్చుకున్నారని, అది చూపును శుభ్రపరచి రెప్పవెంట్రుకలను పెంచుతుందని చెప్పారని హదీసు గ్రంథాలలో ఉన్నది. ఆ ఉల్లేఖనం పట్ల మాకు సంపూర్ణ గౌరవం ఉన్నది. కాని ఇథ్మిద్ అంటే సాధారణంగా అంజనపు రాయి, అనగా ఆంటిమొనీ ఖనిజమని అర్థం చెబుతారు. నేడు బజారులో సుర్మా పేరిట దొరుకుతున్న పొడులను ప్రయోగశాలలలో పరీక్షించినప్పుడు, వాటిలో అనేకం గెలీనా అనే సీసపు ఖనిజంతో చేసినవని తేలింది. రెండూ నల్లగానే ఉంటాయి, మెరుస్తూనే ఉంటాయి. పేరు సున్నత్‌ది, సరుకు సీసానిది! సౌందర్య సాధనాలకు రంగు కోసం సీసపు పదార్థాలు వాడడాన్ని మన దేశపు చట్టం నిషేధించింది. అమెరికాలో ఇటువంటి కాటుకలను అమ్మడానికే అనుమతి లేదు.

సీసం శరీరానికి ఏ కొంచెమూ అవసరం లేని లోహం. కణాలలోని సహజ రక్షకమైన గ్లూటాథయోన్‌ను అది హరించి, ఆక్సీకరణ ఒత్తిడిని పెంచుతుంది. ఎముకలలో చేరి దశాబ్దాలు నిలిచి ఉంటుంది. అమెరికాలో వయసు మీరిన పురుషులపై జరిపి 2004లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, కాలి ఎముకలో సీసం ఎక్కువగా ఉన్నవారికి శుక్లం ముప్పు ఎక్కువగా కనిపించింది. సుర్మా కంటి నుండి ముక్కులోకి దిగే నాళం ద్వారానూ, రుద్దుకున్న చేతుల ద్వారానూ కడుపులోకి చేరుతుంది. పెద్దలకంటే పసిపిల్లల గురించి మాకు ఎక్కువ దిగులుగా ఉన్నది. పురిటి బిడ్డకు సుర్మా పెట్టడం మన ఇళ్ళలో ఒక ముచ్చట. పసిమెదడుకు ఇంతవరకు సీసం ప్రమాదం కాదని చెప్పగల పరిమాణమంటూ లేదు. నానమ్మలు, అమ్మమ్మలు దయచేసి ఈ ముచ్చటను మానుకోవాలని మా మనవి. దేనితో తయారైనదో పరీక్షించి ధ్రువీకరించని సుర్మాను మధుమేహులు కంటి దరికి రానీయరాదు.

జింకు బిళ్ళలకు ఆ పేరు ఎలా వచ్చిందో చూడండి. అమెరికాలో జరిగిన ఒక పెద్ద పరీక్ష 2001లో వెలువడింది. అందులో రోజుకు 80 మిల్లీగ్రాముల జింకును, విటమిన్లతో కలిపి ఇచ్చారు. అది వృద్ధాప్యంలో రెటీనా నడిబొడ్డు క్షీణించే వేరొక వ్యాధికి కొంత ఉపకరించింది. శుక్లాన్ని ఆపలేదు. మధుమేహ నేత్రవ్యాధికి సంబంధించిన పరీక్షే కాదు. పైగా అంత జింకు తింటే శరీరంలో రాగి తగ్గి రక్తహీనత వస్తుందని, ఆ మాత్రలో 2 మిల్లీగ్రాముల రాగిని కూడా చేర్చవలసి వచ్చింది. ఒక లోహాన్ని ఎక్కువ చేస్తే మరొకటి తగ్గిపోతుంది. డబ్బాపై కన్ను బొమ్మ ఉన్నంత మాత్రాన అది మన కంటి జబ్బుకు మందు కాదు. జింకు లోపం ఉన్నదని వైద్యుడు నిర్ణయించి ఇస్తే అది వేరే మాట.

ఇక ఆ పొడి పొట్లం. భస్మాలు, కుష్తాలు వంశపారంపర్యంగా, నియమబద్ధంగా చేసే వైద్యులను మేము తక్కువ చేయడం లేదు. ఊరూ పేరూ లేని పొట్లాల సంగతి మాట్లాడుతున్నాము. అమెరికాలోని బోస్టను పరిసరాల దుకాణాలలో అమ్మే 70 ఆయుర్వేద మందులను పరీక్షిస్తే, 14 మందులలో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటి లేక అంతకుమించి ఉన్నట్లు 2004లో వెల్లడయింది. మధుమేహం ఎలాగూ మూత్రపిండాలను నలిపివేస్తుంది. వాటిపైనే ఈ లోహాల భారమూ పడుతుంది.

ఈ మాట తిరువూరు ప్రాంతంలో చెబితే వెంటనే అర్థమవుతుంది. పక్కనున్న ఏ.కొండూరు మండలపు తండాలలో మూత్రపిండాల వ్యాధి ఎన్ని ఇళ్ళను కూల్చిందో ఇక్కడివారికి తెలుసు. తాగే నీటిలో ఏమున్నదోనన్న భయం ఆ తండాలను దాటి మన వీధులలోకీ వచ్చింది. ఆ వ్యాధికి ఫలానా లోహమే కారణమని ఎవరూ తేల్చి చెప్పలేదు. కాబట్టి మేమూ చెప్పము. ఆ భయంతో ఒంట్లోని లోహాలను కడిగివేస్తామనే చికిత్సల వైపు వెళ్ళేవారికి మాత్రం ఒక విషయం చెప్పాలి. లోహాలను పట్టి బయటకు పంపే ఈడీటీఏ అనే మందును నరం ద్వారా ఎక్కిస్తే మధుమేహుల గుండెకు మేలు జరుగుతుందని 2013లో ఒక పరీక్ష ఆశ రేపింది. దానిని సరిచూడడానికి గుండెపోటు వచ్చిన మధుమేహులపైనే మరల జరిపిన పరీక్ష ఫలితం 2024లో వచ్చింది. రక్తంలో సీసం తగ్గింది గాని, గుండెపోట్లు తగ్గలేదు. కళ్ళ విషయంలో ఎలుకల ప్రయోగాలు దాటిన గట్టి ఆధారం లేనేలేదు.

ఇదంతా చదివి ఇనుము చెడ్డదనుకొని గర్భిణులు, రక్తహీనత గల స్త్రీలు ఇనుము మాత్రలు మానివేస్తే అంతకంటే పెద్ద పొరపాటు ఉండదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుండి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నది. రక్తహీనత వల్ల రెటీనాకు ఆక్సిజను చాలక మధుమేహ నేత్రవ్యాధి మరింత ముదురుతుంది. కంటికి కీడు చేసే ఇనుము పూత తొలగినది. మాత్రలోని ఇనుము రక్తానికి చేరవలసినది. మరొక సంగతి కూడా ఉన్నది. విటమిన్ బి12 నడిబొడ్డున ఉండేది కోబాల్టు అనే లోహం. మెట్‌ఫార్మిన్ మాత్రలు దీర్ఘకాలం వాడేవారిలో బి12 తగ్గవచ్చు. మధుమేహ నేత్రవ్యాధి ఉన్నవారిలో బి12 లోపం ఎక్కువగా ఉన్నట్లు హైదరాబాదు పోషకాహార సంస్థవారే 2011లో తెలిపారు. మెట్‌ఫార్మిన్ మానవద్దు. ఏడాదికోసారి బి12 పరీక్ష గురించి వైద్యుని అడగండి.

కళాయి నిలిపేది ఏమిటి?

చక్కెర తగ్గితే నిప్పురవ్వలూ తగ్గుతాయి, పూతా నిలుస్తుంది. ఇది ఊహ కాదు. అమెరికా, కెనడాలలో 1,441 మంది బాల్య మధుమేహులపై జరిగి 1993లో ముగిసిన పరీక్షలో, చక్కెరను గట్టిగా అదుపు చేసినవారిలో కొత్తగా నేత్రవ్యాధి మొదలయ్యే ముప్పు 76 శాతం తగ్గింది. మన ఇళ్ళలో ఎక్కువగా కనిపించే రెండవ రకం మధుమేహంపై 1998లో వెలువడిన బ్రిటిష్ పరీక్షలో కన్ను, మూత్రపిండాల వంటి సూక్ష్మనాళాల చిక్కులు 25 శాతం తగ్గాయి. అదే పరీక్షలో రక్తపోటును అదుపు చేసినవారికి కంటివ్యాధి ముదరడం 34 శాతం తగ్గింది. కంటికి రక్తపోటు మాత్ర కూడా ఒక మందేనని చాలామందికి తెలియదు. బీడీ, సిగరెట్టు పొగతో కాడ్మియం అనే మరో విషలోహం ఒంట్లోకి చేరుతుంది కనుక దానిని గురించి వేరే చెప్పనక్కరలేదు.

ఒక కఠినమైన సత్యం కూడా ఉన్నది. తొలి సంవత్సరాలలో చక్కెరను విచ్చలవిడిగా వదిలివేస్తే, తరువాత అదుపు చేసినా రెటీనా ఆ పాత గాయాన్ని మరచిపోదు. దీనిని జీవక్రియ జ్ఞాపకం అంటున్నారు. డెట్రాయిట్‌లో రేణు కౌలూరు గారి ప్రయోగశాల, చక్కెర సాధారణ స్థితికి వచ్చిన తరువాత కూడా ఎలుకల రెటీనాలో ఆక్సీకరణ ఒత్తిడి కొనసాగడాన్ని చూపింది. కనుక జబ్బు తెలిసిన మొదటి రోజే కంటిని తలచుకోవాలి. చాలాకాలం అదుపు తప్పిన చక్కెరను ఒక్కసారిగా దించినప్పుడు కంటివ్యాధి కొంతకాలం ముదరవచ్చు. అందువల్ల గట్టి చికిత్స ప్రారంభించే ముందు రెటీనాను చూపించుకోవడం మేలు.

2015–19 మధ్య జరిగిన జాతీయ సర్వేలో 50 ఏళ్ళు దాటిన మధుమేహులలో 16.9 శాతం మందికి నేత్రవ్యాధి కనిపించింది. ఆరుగురిలో ఒకరన్నమాట. రెండవ రకం మధుమేహులు జబ్బు తెలిసిన వెంటనే, ఆపై ప్రతి సంవత్సరం, చుక్కలు వేయించుకొని రెటీనా పరీక్ష చేయించుకోవాలి. మధుమేహం ఉండి గర్భం దాల్చిన స్త్రీలు తొలి మూడు నెలలలోనే చేయించుకోవాలి. ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. మగవారిని కనీసం చూపు మందగించిన తరువాతనైనా విజయవాడ తీసుకువెళతారు. అదే ఇంట్లోని అమ్మను, అత్తను "ఇంట్లోనే ఉంటారు కదా" అని వదిలివేస్తారు. వంటింట్లో కన్ను అవసరం లేదా?

కళ్ళద్దాల దుకాణంలో అక్షరాలు చదివించడం రెటీనా పరీక్ష కాదు. అద్దాల కోసం, శుక్లం కోసం ఊరికి వచ్చిన శిబిరంలో పేరు వ్రాయించుకోవడమూ కాదు. తిరువూరు నుండి విజయవాడ సుమారు 75 కిలోమీటర్లు. అక్కడి తాడిగడపలో ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ప్రాంగణం 2011 నుండి ఉన్నది. రెటీనా వైద్యులు ఇతర ఆసుపత్రులలోనూ ఉన్నారు. చుక్కలు వేసిన తరువాత కొన్ని గంటలు చూపు మసకగా ఉంటుంది కనుక బండి నడపరాదు, తోడుగా ఒకరు వెళ్ళాలి. రమజానులో చుక్కల వల్ల ఉపవాసం భంగమవుతుందేమోనని వాయిదా వేసేవారు ఉన్నారు. కంటిలో చుక్కలు వేసుకున్నంత మాత్రాన రోజా చెడదని హనఫీ, షాఫయీ పండితులు చెప్పి ఉన్నారు. సందేహమున్నవారు తమ ఆలిమ్‌ను అడగవచ్చు, లేదా షాబాన్ నెలలోనే చూపించుకోవచ్చు.

మా మేనమామ గారి కుడికంటిలోని రక్తం కొంత తనంతట తగ్గింది, మిగిలినది శస్త్రచికిత్సతో తీశారు. చూపు సగమే తిరిగి వచ్చింది. ఎడమకంటిలో కూడా పెళుసు నాళాలు మొలుస్తున్నట్లు ఆనాటి పరీక్షలోనే బయటపడింది. సమయానికి లేజరు చేయడం వల్ల ఆ కన్ను నిలిచింది. ఆయన ఇప్పుడు ఆ కంటితోనే ఖుర్ఆన్ చదువుకుంటున్నారు. గూటిలో రాగిచెంబు అలాగే ఉన్నది. సుర్మా, బిళ్ళలు, పొట్లం తీసివేశారు. వాటి స్థానంలో వైద్యుడు వ్రాసిన చీటీ ఉన్నది, దానిపై తదుపరి పరీక్ష తేదీ. ఈసారి ఆ తేదీని మార్చి మొదటి వారంలో, కోతలకు ముందే పడేటట్లు ఆయనే అడిగి వేయించుకున్నారు. మా అత్తగారి పేరు కూడా అదే తేదీకి వ్రాయించారు.